పదకొండుకి రమ్మన్నారు, పన్నెండున్నరకి పిలిచారు: ఒక ఓపీ కేస్ స్టడీ

ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు, క్యూలు, రోగి లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్ళేదాకా జరిగే ప్రక్రియలు సరిచేయడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. దాదాపు ప్రతిచోటా ఎదురుచూపుల సమస్యను డాక్టర్ వేగానికో, రిసెప్షన్ మర్యాదకో ముడిపెడతారు. ఇక్కడ అసలు కారణం ఈ రెండూ కాదని అంకెలతో సహా తేలింది. క్లినిక్‌ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. రోగుల వివరాలు కొన్ని మార్చాను. అంకెల్ని గుండ్రం చేశాను.

నేపథ్యం

అది షుగర్, థైరాయిడ్ చూసే ఎండోక్రైనాలజీ క్లినిక్. ఒక డాక్టర్, ఒక సిస్టర్, రిసెప్షన్‌లో ఇద్దరు. ఓపీ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా. ప్రతి ఒక్కరికీ 10 నిమిషాల స్లాట్. చెప్పకుండా మానేసేవాళ్ళు ఉంటారని గంటకి ఒకరిద్దరిని అదనంగా రాసేవాళ్ళు. ఒంటిగంటకి ముగియాల్సిన ఓపీ చాలా రోజులు మూడుకి గానీ తేలేది కాదు. డాక్టర్ గారికి మంచి పేరుంది. తొందరపెట్టకుండా వింటారని రోగులే చెప్పేవాళ్ళు. వేచి ఉండటం గురించి అడిగితే మాత్రం అదే రోగుల గొంతు మారిపోయేది.

సమస్య నా దగ్గరికి ఎలా వచ్చింది

యాజమాన్యం నన్ను పిలిచింది రిసెప్షన్ సిబ్బందికి మాట తీరు నేర్పించమని. ఫిర్యాదుల పెట్టెలో ఎక్కువ కాగితాలు "కౌంటర్‌లో విసుక్కుంటున్నారు" అనే వచ్చాయి. దానికి దారి తీసిన ఘటన కూడా చెప్పారు. ఇన్సులిన్ మీద ఉన్న ఒక పెద్దాయన్ని 11 గంటలకి రమ్మన్నారు. పన్నెండున్నర దగ్గరపడుతున్నా పిలుపు రాలేదు. బయటికి వెళ్ళి ఏదైనా తిని వద్దామంటే నంబర్ పోతుందని ఆయన భయం. చివరికి కుర్చీలోనే చెమటలు పట్టి, చేతులు వణికాయి. సిస్టర్ వెంటనే గుర్తించి గ్లూకోజ్ ఇవ్వడంతో తేరుకున్నారు. ఆయన భార్య కౌంటర్ దగ్గరికి వెళ్ళి గట్టిగా అరిచారు. "పదకొండుకి రమ్మన్నది మీరే కదమ్మా, ఆలస్యం అవుతుందని ఒక్క మాట చెప్తే ఏం పోయింది?" అన్నారట. క్లినిక్ రికార్డులో ఆ రోజు ఆయన పేరు పక్కన "గొడవ చేశారు" అని రాసి ఉంది.

ఆ రెండు మాటలు నన్ను చాలా బాధపెట్టాయి. ఇన్సులిన్ గానీ, సల్ఫొనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళకి భోజనం ఆలస్యమైతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ క్లినిక్ వైద్యం చేసేది ఆ జబ్బుకే. జరిగింది రోగి భద్రతకు సంబంధించిన ఘటన. దాన్ని ప్రవర్తన సమస్యగా నమోదు చేశారు. అలా నమోదైనంతకాలం దానికి దొరికే పరిష్కారం కూడా ప్రవర్తన శిక్షణే అవుతుంది.

అందుకే శిక్షణ తర్వాత చూద్దామని చెప్పి, ముందు వెయిటింగ్ హాల్లో కూర్చుంటానని అడిగాను. కౌంటర్‌లోని అమ్మాయిని ఉదయమంతా అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: "ఇంకా ఎంతసేపు?" ఆమె జవాబూ ఒకటే: "పిలుస్తాం, కూర్చోండి." అందులో పొగరేమీ లేదు. ఎంతసేపో ఆమెకీ తెలియదు. తెలుసుకునే మార్గం ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా బయట అందరి కోపాన్నీ మోయడం ఆమె ఉద్యోగమైపోయింది.

ఏం కొలిచాం, ఎందుకు

ప్రతి రోగికీ నాలుగు సమయాలు రాయమన్నాను: మేం చెప్పిన సమయం, వాళ్ళు వచ్చిన సమయం, లోపలికి వెళ్ళిన సమయం, బయటికి వచ్చిన సమయం. క్లినిక్ అప్పటిదాకా టోకెన్ ఇచ్చినప్పటి నుంచి లెక్క వేసేది. దాంతో "వాళ్ళే ముందొచ్చి కూర్చుంటారు" అనే వాదనకి ఎప్పుడూ చోటుండేది. నిజంగానే చాలామంది ముందే వచ్చేవాళ్ళు, ఆలస్యమైతే నంబర్ పోతుందని. అందుకే రెండూ వేరుచేశాం. రోగి తన భయం కొద్దీ ముందొచ్చిన సమయం వేరు, మనం ఇచ్చిన మాట తప్పిన సమయం వేరు. క్లినిక్ జవాబు చెప్పాల్సింది ముందు రెండోదానికి.

కొలత సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవడానికి ఒక సులువైన తనిఖీ ఉంది. క్యూల గణితంలో 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, హాల్లో సగటున ఉండే మనుషుల సంఖ్య గంటకి వచ్చేవాళ్ళ సంఖ్యని ఒక్కొక్కరు అక్కడ గడిపే సగటు సమయంతో హెచ్చవేస్తే వచ్చేదానికి సమానం. గంటకి 8 మంది వస్తూ, హాల్లో ఎప్పుడు చూసినా 12 మంది రోగులు కూర్చుని ఉంటే సగటు ఎదురుచూపు గంటన్నర. అరగంటకోసారి తలలు లెక్కపెడితే చాలు. మా రిజిస్టర్‌లో సమయాలూ, తలల లెక్కా దగ్గర దగ్గరగా కలిశాయి. ఈ తనిఖీ అవసరమైంది ఎందుకంటే, ఆలస్యం ఉందని ఒప్పుకోవడం ఇష్టం లేని చోట మొదట ప్రశ్నించేది కొలతనే.

కొలతల్లో తేలింది ఇది. కొత్తగా వచ్చినవాళ్ళకి 20 నిమిషాలు పడుతోంది. పాత పేషెంట్లకి 8 నిమిషాలు. రిపోర్టు మాత్రం చూపించుకునేవాళ్ళకి మూడు నాలుగు నిమిషాలు, వీళ్ళకి స్లాటే లేదు, మధ్యలో దూరతారు. అందరికీ కాగితం మీద 10 నిమిషాలే. డాక్టర్ గారు వార్డులో రౌండ్లు ముగించుకుని వచ్చేసరికి తొమ్మిదిన్నర. మొదటి అపాయింట్‌మెంట్ మాత్రం 9కి. అంటే ఒక్క రోగినీ చూడకముందే ఆ రోజు అరగంట వెనకబడి మొదలయ్యేది. ఆ అరగంట మధ్యాహ్నం దాకా ప్రతి ఒక్కరి మీదా పడేది.

ముందు ప్రయత్నించినవి, అవి ఎందుకు పనిచేయలేదు

నేను వెళ్ళకముందే క్లినిక్ రెండు మూడు పనులు చేసి చూసింది. వాటిని శ్రద్ధగా పరిశీలించాను, ఎందుకంటే విఫలమైన ప్రయత్నం అసలు జబ్బు ఎక్కడుందో చూపిస్తుంది.

మొదటిది టోకెన్ నంబర్లు చూపించే బోర్డు. పారదర్శకంగా ఉంటుందని పెట్టారు. గొడవలు పెరిగాయి. కారణం, నంబర్లు వరుసలో వెళ్ళేవి కావు. రిపోర్టు చూపించేవాళ్ళు, డాక్టర్ గారికి తెలిసినవాళ్ళు, నీరసంగా ఉన్నవాళ్ళు, మధ్యలో మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, అందరూ ఒకే తలుపులోంచి వెళ్ళేవాళ్ళు. బోర్డు మీద 14 తర్వాత 22 కనబడేది. అంతకుముందు జనానికి అనుమానం మాత్రమే ఉండేది, బోర్డు వచ్చాక సాక్ష్యం దొరికింది. క్యూల మనస్తత్వం గురించి 1985లో మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మేస్టర్ చెప్పిన విషయాలు ఈ హాల్లో అక్షరాలా కనిపించాయి: ఎంతసేపో తెలియని ఎదురుచూపు, కారణం చెప్పని ఎదురుచూపు, అన్యాయంగా తోచే ఎదురుచూపు అసలు కన్నా పొడవుగా అనిపిస్తాయి. ఆందోళనతో ఉంటే మరీ. డాక్టర్ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఆందోళన లేనివాళ్ళెవరు?

రెండోది, డాక్టర్ గారు ఒక్కొక్కరికీ 10 నిమిషాలు దాటకూడదనే నియమం. దీన్ని ఆయనే నిజాయితీగా పాటించి చూశారు. ఫలితంగా రోగులు తలుపు దాకా వెళ్ళి "ఇంకొక్కటి డాక్టర్ గారూ" అని వెనక్కి తిరిగేవాళ్ళు. మందుల చీటీ అర్థం కాక సాయంత్రం ఫోన్లు పెరిగాయి. కొందరు మరుసటి వారమే మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఆదా అయిందనుకున్న నిమిషాలు వేరే దారిలో తిరిగొచ్చాయి. వినే డాక్టర్‌ని విననివ్వకుండా చేస్తే ఆ క్లినిక్‌లో ఉన్న ఒక్క మంచినీ పోగొట్టుకున్నట్టే. ఈ దారిలోకి మళ్ళీ వెళ్ళకూడదని ఇద్దరం మొదట్లోనే ఒప్పుకున్నాం.

మూడోది, ఆలస్యంగా వచ్చినవాళ్ళని వరుస చివరికి పంపడం. ఈ నియమం భయం పెంచింది, భయం కొద్దీ జనం మరింత ముందొచ్చారు, హాలు ఇంకా నిండింది. గంటన్నర ఆలస్యంగా పిలిచే చోట 10 నిమిషాలు ఆలస్యమైనవాళ్ళని శిక్షించడం తప్పు. మేం మొదట తీసేసింది ఈ నియమాన్నే.

హాల్లో టీవీ కూడా పెట్టారు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

అసలు లెక్క

ఏ మార్పు ముందు చేయాలో నిర్ణయించుకునేటప్పుడు డాక్టర్ గారితో ఒక లెక్క చేసి చూశాం. మనుషులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరికీ పట్టే సమయం కూడా ఊహకందకుండా మారుతూ ఉండే, ఒకే డాక్టర్ ఉన్న క్యూని తీసుకుందాం. డాక్టర్ సమయంలో 80 శాతం నిండితే, సగటు ఎదురుచూపు ఒక రోగిని చూసే సమయానికి 4 రెట్లు. 90 శాతం నిండితే 9 రెట్లు. 95 శాతానికి 19 రెట్లు. అపాయింట్‌మెంట్లు ఉన్నచోట ఇంత తీవ్రంగా ఉండదు, కానీ నింపే కొద్దీ ఎదురుచూపు పెరిగే తీరు అదే. చివరి కొద్ది శాతం నింపడానికి చేసే ప్రయత్నమే హాలునంతా ముంచుతుంది. డాక్టర్ ఖాళీగా కూర్చోకూడదని యాజమాన్యం స్లాట్లు కిక్కిరిసేలా నింపుతుంది. ఆ ఒక్కరి 5 నిమిషాల ఖాళీని తప్పించడానికి బయట ఇరవై మంది గంటలు చెల్లిస్తారు. ఆ గంటలు ఎవరి ఖాతాలోనూ కనిపించవు.

ఈ లెక్క నుంచి రెండు విషయాలు తేలాయి. సమయాల్లో ఎగుడుదిగుళ్ళని తగ్గించాలి. స్లాట్లు కిక్కిరిసేలా నింపడం తగ్గించాలి. మొదటిది సులభం. రెండోది చెప్పగానే అందరూ ఒకే ప్రశ్న వేశారు: "తక్కువమందిని చూస్తే, అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టదా?" న్యాయమైన ప్రశ్న. హాల్లో ఎదురుచూపుని ఇంట్లో ఎదురుచూపుగా మార్చడం పరిష్కారం కాదు. ఈ ప్రశ్నకి జవాబు దొరికేదాకా స్లాట్లని ముట్టుకోకూడదనుకున్నాం.

మలుపు ఎక్కడ వచ్చింది

జవాబు పాత పేషెంట్ల జాబితాలో ఉంది. ప్రతి ఒక్కరి చీటీ మీదా "నెల తర్వాత రండి" అని ఉంటోంది. ఎందుకు నెల అని డాక్టర్ గారిని అడిగాను. కాసేపు ఆలోచించి, ఎప్పటినుంచో అలా రాయడం అలవాటైందన్నారు. తర్వాత ఆయనే ఫైళ్ళు తిరగేశారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపిస్తుంది, కాబట్టి షుగర్ అదుపులో ఉండి మందు మారని మనిషిని ప్రతి నెలా పిలిచినా ఆ పరీక్షలో కొత్తగా తెలిసేది తక్కువ. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష ఫలితం కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. నాలుగో వారంలో చేసిన పరీక్ష తొందరపాటు నిర్ణయానికి దారి తీయవచ్చు కూడా. అంటే హాలు నిండడానికి పెద్ద కారణం క్లినిక్ తానే అవసరానికి మించి జనాన్ని పిలుచుకోవడం.

ఎవరిని ఎన్నాళ్ళకి పిలవచ్చన్నది పూర్తిగా వైద్య నిర్ణయం. దాన్ని నేను ముట్టుకోలేదు. డాక్టర్ గారే ఒక పేజీ రాసిపెట్టారు. షుగర్ లక్ష్యంలో ఉండి, మందులు మారకుండా, షుగర్ పడిపోయిన సందర్భాలు లేనివాళ్ళు మూడు నెలలకి. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్ళు, గర్భిణులు, షుగర్ అదుపు తప్పినవాళ్ళు పాత పద్ధతిలోనే, అవసరమైతే ఇంకా తొందరగా. మధ్యలో ఇబ్బంది వస్తే అదే వారంలో చూస్తామనే మాట చీటీ మీదే రాశారు. ఈ చివరి వాక్యం లేకపోతే మార్పు అంతా ప్రమాదకరంగా ఉండేది. రావద్దన్నారని కాకుండా, అవసరమైనప్పుడు రావచ్చని రోగికి నమ్మకం కలగాలి.

యాజమాన్యం ఆదాయం గురించి అడిగింది. దాచకుండా చెప్పాం, పాత పేషెంట్ల సంఖ్య తగ్గుతుంది, కొన్ని నెలలు లెక్కలో తేడా కనిపిస్తుంది. వాళ్ళు ఒప్పుకున్నది ఇన్సులిన్ పెద్దాయన ఘటన వల్లే అనుకుంటాను.

స్లాట్లు ఎలా మార్చాం

మొదటి అపాయింట్‌మెంట్‌ని తొమ్మిదిన్నరకి జరిపాం. రౌండ్లు త్వరగా ముగించమని డాక్టర్‌ని ఒత్తిడి చేయవచ్చు, కానీ వార్డులో రోగి పరిస్థితి ఎవరి చేతుల్లోనూ ఉండదు. నిజంగా మొదలయ్యే సమయాన్నే కాగితం మీద రాస్తే సరిపోతుంది. ముగింపు కూడా 2 గంటలని నిజం రాశాం.

కొత్తవాళ్ళకి 20 నిమిషాలు, పాతవాళ్ళకి 10. తొమ్మిదిన్నరకి ఇద్దరిని రమ్మన్నాం, తర్వాత ఒక్కొక్కరినే. ఇది 1952లో గణాంక శాస్త్రవేత్త నార్మన్ బెయిలీ ఆసుపత్రి ఓపీల మీద చేసిన పనిలో సూచించిన పద్ధతి. మొదటి రోగి రాకపోయినా డాక్టర్ ఆగిపోకుండా ఒకరు అదనంగా ఉంటారు, అందరూ వస్తే మాత్రం తర్వాతివాళ్ళు ఒక స్లాట్ మేర ఆగాల్సి వస్తుంది. అప్పటిదాకా గంట గంటకీ అదనంగా రాస్తున్నవాళ్ళని మానేశాం.

గంటకొక 10 నిమిషాల స్లాట్‌ని ఖాళీగా వదిలాం. దీని కోసం ఎక్కువ వాదించాల్సి వచ్చింది. రిసెప్షన్ వాళ్ళకి ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరిని రాసేయాలనిపిస్తుంది, అది వాళ్ళ మంచితనం. అందుకే రిజిస్టర్‌లో ఆ గడి దగ్గర "ఆలస్యానికి" అని ముందే ముద్రించాం. ఒక రోగికి చెడ్డ వార్త చెప్పాల్సి వచ్చి 25 నిమిషాలు పట్టినప్పుడు, ఆ గంటలోనే సర్దుకుంటుంది, మధ్యాహ్నం దాకా పాకదు.

రిపోర్టు మాత్రమే చూపించాల్సినవాళ్ళకి ఓపీ ముగిశాక సిస్టర్ ఫోన్ చేసే ఏర్పాటు. ఫలితం బాగోలేనివాళ్ళకి మాత్రం ఫోన్‌లో ముగించకుండా దగ్గరి స్లాట్. మెడికల్ రిప్రజెంటేటివ్‌లకి మధ్యాహ్నం రెండు దాటాక.

కొత్తవాళ్ళ స్లాట్లు ఒక్కటి కూడా తగ్గించలేదు. తగ్గిందంతా అవసరం లేని మళ్ళీ రాకడలే. మూడు నెలలకి పిలవడం మొదలుపెట్టిన ఫలితం వెంటనే కనబడదు, అప్పటికే ఇచ్చిన అపాయింట్‌మెంట్లు తీరాలి. ఆ మధ్యకాలంలో సిబ్బంది నిరుత్సాహపడ్డారు. రోజువారీ కొలతలు గోడకి అంటించడం అప్పుడు ఉపయోగపడింది, వారం వారం కొద్దిగా దిగుతున్న గీతని వాళ్ళే చూశారు.

నిజం చెప్పడం

ఇంత చేసినా ఆలస్యం పూర్తిగా పోదు. అందుకని కౌంటర్‌కి ఒక అధికారం, ఒక సమాచారం ఇచ్చాం. అరగంటకోసారి సిస్టర్ లోపలి నుంచి ఎన్ని నిమిషాలు వెనకబడ్డామో చెబుతుంది, కౌంటర్‌లోని అమ్మాయి లేచి నిలబడి హాలంతా వినిపించేలా చెబుతుంది: "డాక్టర్ గారు ఒక కేసులో ఉన్నారండీ, ఇప్పుడు 25 నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది." ఆలస్యం 20 నిమిషాలు దాటితే రోగి బయటికి వెళ్ళిరావచ్చు, ఫోన్ చేసి పిలుస్తారు, నంబర్ పోదు. లేదా వేరే రోజుకి మార్చుకోవచ్చు. సరిగ్గా చెప్పలేనప్పుడు కాస్త ఎక్కువే చెప్పమన్నాం. పది నిమిషాలని చెప్పి అరగంట చేస్తే మళ్ళీ నమ్మరు.

ఎవరు ముందు వెళ్తారో కూడా గోడమీద రాశాం: ఇన్సులిన్ వాడుతూ భోజనం వేళ దాటుతున్నవాళ్ళు, గర్భిణులు, సిస్టర్ చూసి అత్యవసరమన్నవాళ్ళు. తెలిసినవాళ్ళు అందులో లేరు. ఈ మాట డాక్టర్ గారే తన బంధువులకి చెప్పాల్సి వచ్చింది, చెప్పారు కూడా. ఆయన చెప్పకపోతే ఆ కాగితానికి విలువ ఉండేది కాదు. ఎవరినైనా ముందు పంపినప్పుడు కారణం పైకి చెప్పేవాళ్ళు. "ఆయనకి షుగర్ పడిపోతోందండీ" అంటే అభ్యంతరం చెప్పినవాళ్ళని నేను చూడలేదు. పైగా పక్కకి జరిగి దారి ఇచ్చేవాళ్ళు.

ఒక సూచనని మాత్రం నేను ఒప్పుకోలేదు. రోగిని ముందుగానే లోపలి గదిలో కూర్చోబెట్టి బీపీ చూస్తే పని మొదలైందని అనిపిస్తుంది కదా అని యాజమాన్యం అడిగింది. అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ తర్వాత లోపలి గదిలో అరగంట కూర్చోబెడితే అది మోసమే. దానికి బదులు వైద్యానికి పనికొచ్చే కారణం చూపించి క్రమం మార్చాం. బీపీ కొలిచే ముందు కనీసం 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. గంటసేపు కోపంతో ఎదురుచూసి హడావుడిగా లోపలికి వచ్చిన మనిషి బీపీని నమ్మి మందు పెంచడం సరికాదు. అందుకే సిస్టర్ ఒక పక్క గదిలో ముందే తీరికగా బీపీ చూసి, పాదాలు పరీక్షించి, మందుల పట్టీ సరిచూసి, మళ్ళీ హాల్లోకే పంపుతుంది, ఇంకా ఎంతసేపో చెప్పి మరీ.

ఫలితం, మిగిలిపోయినవి

చెప్పిన సమయం నుంచి లెక్కేస్తే ఎక్కువమందిని అరగంటలోపు పిలుస్తున్నారు. ఓపీ రెండు గంటల ప్రాంతంలో ముగుస్తోంది. మాట తీరు శిక్షణ ఇవ్వనే లేదు. కౌంటర్ మీద ఫిర్యాదులు వాటంతట అవే తగ్గాయి. ఆ పెద్దాయన రికార్డులో "గొడవ చేశారు" అన్న మాటని డాక్టర్ గారు కొట్టేసి, ఆ రోజు షుగర్ ఎంతకి పడిపోయిందో, ఎందుకో రాశారు. ఇలాంటి ఘటనల్ని ఇప్పుడు భద్రతా రిజిస్టర్‌లో రాస్తున్నారు.

వార్డులో ఎవరికైనా సీరియస్ అయిన రోజు ఓపీ ఇప్పటికీ గంటకి పైగా ఆలస్యమవుతుంది. ఒకే డాక్టర్ ఉన్నచోట దీనికి స్లాట్లతో మందు లేదు. అలాంటి రోజు ఉదయమే తర్వాతి గంటలవాళ్ళకి ఫోన్ చేసి చెబుతున్నారు, దూరం నుంచి అప్పటికే బయలుదేరినవాళ్ళకి అది ఆలస్యమే. రెండో డాక్టర్‌ని వారంలో కొన్ని పూటలైనా తీసుకోవాలని అడిగాం. యాజమాన్యం ఇంకా తేల్చలేదు. అప్పటిదాకా అలాంటి రోజుల్లో ఇన్సులిన్ వాడేవాళ్ళ జాబితాని సిస్టర్ ముందు తీసుకుంటుంది, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో హాల్లోకి వెళ్ళి ఒక్కొక్కరినీ అడుగుతుంది.